గుమ్మడివాకలో అక్షరాలు చిక్కిన వైనం

మా గుమ్మడివాకలో బోర్డులు రాసే కోటిలింగం మొదటి అక్షరం దగ్గర మహారాజు, చివరి అక్షరం దగ్గర బిచ్చగాడు. బోర్డు పొడుగెంతో చూసుకోవడం, పెన్సిలుతో గళ్లు గీసుకోవడం చేతకానివాళ్ల పని అని అతని నమ్మకం. కుంచె ముంచి మొదటి అక్షరాన్ని గుమ్మడికాయంత వేస్తాడు. రెండోది కొబ్బరికాయంత. బోర్డు చివరికొచ్చేసరికి చోటుండదు. మిగిలిన అక్షరాలన్నీ తిరణాల బస్సులో జనంలాగా ఒకదాని భుజాన ఒకటి గడ్డం ఆనించి ఒంటికాలి మీద నిలబడాల్సిందే.

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఒకప్పుడు రైసుమిల్లు గోడ మీద పేరు రాస్తుంటే మధ్యలోనే గోడ అయిపోయింది. కోటిలింగం చెయ్యి ఆపే రకం కాదు. చివరి రెండక్షరాలూ పక్కన కట్టేసి ఉన్న గేదె మీద రాసేశాడు. గేదె మేతకు వెళ్లినప్పుడల్లా మిల్లుకి పేరు చాలేది కాదు. తరవాత ఆ గేదెని సంతలో అమ్మితే, కొన్నవాడు వచ్చి మిల్లులో వాటా అడిగాడు.

అలాంటి కోటిలింగం చేత వీరవేణి తన హోటలుకి బోర్డు రాయించుకుంది. వీరవేణిది మెయిన్‌రోడ్డు మీద నాలుగు బల్లల హోటలు. కుడి పక్కన ఇటుకలతో కట్టిన పొయ్యి, దాని మీద వాళ్ల అత్తగారినాటి ఇనపపెనం, బండిచక్రమంత. ఆ పెనం మీద ఆవిడ అల్లం పెసరట్టు వేస్తే బస్టాండులో బస్సులు కదిలేవి కావు. డ్రైవర్లంతా ఇక్కడే ఉండేవాళ్లు. ఆవిడకి పొలం లేదు, పుట్ర లేదు. ఆ పెనమూ, అది కూర్చున్న మూలా, అంతే ఆవిడ సంసారం.

బోర్డు ఎక్కించిన రోజున ఆవిడ కిందనుంచి చూసి నడుం మీద చెయ్యి పెట్టింది.

"ఏటయ్యా కోటిలింగం ఇది? నా పేరు ఏనుగంత రాశావు, పెసరట్టు మేకంత రాశావు. హోటలు మాటకొచ్చేసరికి అక్షరాలకి క్షయ పట్టిందా?"

"ఫేషనండి," అన్నాడు కోటిలింగం, నిచ్చెన దిగకుండానే. పైనుంటే దెబ్బ అందదని అతనికి అనుభవం.

"ఏం ఫేషను! నాలుక బయటపెట్టి ఎక్కిరిస్తన్నట్టున్నాయి."

"సరదాగా ఉంటాయండి. తినేవోళ్లకి ఆకలేస్తాది."

"ఎందుకులే వేణమ్మా, బోర్డు చూసి ఎవడూ రాడు, నీ పెసరట్టు చూసి వస్తారు," అని నేనే సర్దిచెప్పాను. ఆ మాట అని ఉండకపోతే ఆవిడ ఆ బోర్డు దింపించేసేది, ఊరికి ఇంత వైభోగం పట్టేది కాదు.

సరిగ్గా అప్పుడే మా మునిసిపాలిటీకి అమరేంద్రనాథ్ గారని కొత్త కమిషనరు దిగారు. మంచి మనిషి, ఎవర్నీ తిట్టరు. కాని ఉద్యోగంలో చేరేముందు ఏదో చల్లటి కొండ ఊళ్లో 'ఆనందమయ పరిపాలన' అనే శిక్షణకి వెళ్లొచ్చారు. ఆనందం ఎలా పంచాలో నేర్పారు గాని ఎక్కడ ఆపాలో చెప్పకముందే ఆఖరి రోజు భోజనాల గంట కొట్టేశారట.

వచ్చిన వారంలోనే పెసరట్టు కోసం వీరవేణి హోటలుకి వచ్చారు. జీపు దిగుతూ తలెత్తి బోర్డు చూశారు. చివరిమాట దగ్గర చూపు ఆగిపోయింది. ముందు పెదాలు కదిలాయి, తరవాత పళ్లు కనిపించాయి, ఆ తరవాత పొట్ట ఊగింది.

"ఈ అక్షరాలు చూశారా? సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి కితకితలు పెట్టుకుంటున్నట్టు లేవూ! పరిపాలనకీ ప్రజలకీ మధ్య ఇంతకాలం లోపించిన దృశ్యపరమైన సౌహార్దం ఇదే."

వెనకాల నిలబడ్డ టౌన్‌ప్లానింగు సూపర్‌వైజరు సుబ్బారాయుడు, "అవునండి, అదే లోపించిందండి, నేనూ ఎప్పట్నించో వెతుకుతున్నానండి," అన్నాడు.

పట్నం నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. బోర్డు మొత్తం వదిలేసి చివరిమాటకే ఫొటోలు తీశాడు. కోటిలింగాన్ని పిలిపించి, "ఈ రూపాలకి మీకు ప్రేరణ ఎక్కడిది?" అని అడిగాడు.

"బోర్డు అయిపోయిందండి," అన్నాడు కోటిలింగం.

కన్సల్టెంటు కళ్లు మూసుకుని, "పరిమితుల ముందు కళాకారుడి వినయం," అని రాసుకున్నాడు.

ఆ ఒక్క మాటలోని అక్షరాలు చాలవు కదా, మొత్తం వర్ణమాల కావాలన్నారు. కోటిలింగానికి తెల్లటి పెద్ద కాయితాలిచ్చి కూర్చోబెట్టారు. అతను వేసిన 'అ' ఒక్కటే కాయితం నిండిపోయింది. సన్నగా వెయ్యవయ్యా అంటే, "చోటుంటే నా చెయ్యి ముడుచుకోదండి," అన్నాడు. చివరికి సుబ్బారాయుడే ఉపాయం చెప్పాడు. ఆఫీసులో ఒంటినిండా కండ ఉన్న ఇద్దరు రికార్డు అసిస్టెంట్లని ఒక బల్ల మీద కూర్చోబెట్టి, వాళ్ల మధ్యన కోటిలింగాన్ని ఇరికించారు. మోచెయ్యి కదలదు, ఊపిరి తిరగదు. అప్పుడు వచ్చాయండీ అక్షరాలు! గుండ్రటి తెలుగంతా పందిరికి వేలాడే పొట్లకాయలైపోయింది. 'క్ష' రాసేటప్పుడు అసిస్టెంట్లలో ఒకాయన తుమ్మాడు. ఆ వంకర అలాగే ఉంచారు. సహజత్వమట.

దానికి 'గిలిగింత సన్నలిపి' అని పేరు పెట్టారు. ఇకమీదట పురపాలక సంఘ పరిధిలో బోర్డులు, నోటీసులు, హెచ్చరికలు, సమస్తమూ గిలిగింతలోనే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు కూడా గిలిగింతలోనే ఉంది కాబట్టి, చాలామంది అది సర్కసు కరపత్రమనుకుని పిల్లలకి ఇచ్చేశారు.

ముందు ఇంటిపన్ను నోటీసులు వెళ్లాయి. జప్తు చేస్తాం, వేలం వేస్తాం అని వాటిలో ఎప్పటి మాటలే ఉన్నాయి. అక్షరాలు మాత్రం నవ్వుతున్నాయి. పాతపేటలో ఒక కుటుంబం వాటిని బారసాల పిలుపనుకుని, కొత్తబట్టలు కట్టుకుని, వెండిగిన్నె పట్టుకుని పన్నుల సెక్షనుకి వచ్చేసింది. "పిల్లాడేడండీ?" అని ప్రతి టేబుల్ దగ్గరా అడిగారు. చివరికి వాళ్లని నొప్పించడం ఇష్టంలేక, రిటైరవబోతున్న హెడ్‌గుమస్తా ఆ గిన్నె పుచ్చుకుని వాళ్లని ఆశీర్వదించి పంపాడు.

తరవాత ట్రాన్స్‌ఫార్మర్ల మీద 'ముట్టుకుంటే చావు' అన్నది గిలిగింతలోకి మారింది. కొత్తగా పెళ్లయినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకోవడం మొదలుపెట్టారు. లైన్‌మన్‌ని కాపలా పెడితే, అతన్ని కూడా ఫొటోలో నిలబెట్టారు.

శ్మశానం బోర్డు మార్చిన రోజున పొరుగూరి నుంచి వచ్చినవాళ్లెవరో కారాపి, కాటికాపరిని ఐస్‌క్రీముల్లో పిస్తా ఉందా, వెనిల్లా ఒక్కటేనా అని అడిగారు. ఈ విషయం కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యుడు ఎత్తాడు. కమిషనరుగారు కళ్లజోడు సర్దుకుని, "సదరు వాటికకు సందర్శకుల రాక గణనీయంగా పెరిగినట్టు దీనివల్ల రుజువవుతోంది," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతవరకూ ఊరికి నష్టమేమీ లేదు. మేం కూడా నవ్వుకుంటూ తిరిగాం. కొంప ముంచింది ఆ నివేదిక.

రాజధానికి పంపిన నివేదికలో కమిషనరుగారు ఉత్సాహం కొద్దీ ఒక వాక్యం చేర్చారు: 'సన్నలిపి వల్ల ప్రతి బోర్డుపైనా మూడోవంతు స్థలం ఆదా అయినది.' అది చదివి పైవాళ్లు మెచ్చుకున్నారు. అవార్డు ఇస్తామన్నారు. అవార్డుకి ముందు లెక్కలు చూడాలి కదా, వరహాలరావు గారనే ఆడిటరుని పంపారు. ఆయన పెళ్లిఫొటోలో కూడా నవ్వలేదని ప్రతీతి. గిలిగింత లిపిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చదివి కూడా ముఖంలో ముడత కదపని ఏకైక మనిషి ఆయనే.

"మూడోవంతు స్థలం ఆదా అయినట్టు రాశారు," అన్నాడు వరహాలరావు.

"అయిందండి," అన్నారు కమిషనరు.

"అదెక్కడుంది?"

"అంటే?"

"ఆదా అయినది స్టాకులో చూపాలి. బియ్యం ఆదా అయితే బస్తాలు చూపుతారు. సిమెంటు ఆదా అయితే గోడౌన్ చూపుతారు. ఆదా అయిన స్థలం భౌతికంగా చూపనిచో, లిపికి అయిన ఖర్చంతా సంబంధిత అధికారి జీతం నుంచి రాబట్టాల్సి ఉంటుంది."

కమిషనరుగారి ముఖంలో ఆనందమయ పరిపాలన ఆ నిమిషంలో ఆగింది. ఆయన సుబ్బారాయుడి వైపు చూశారు. సుబ్బారాయుడు పైకప్పు వైపు చూశాడు. అక్కడే దొరికింది అతనికి.

"బోర్డు అనేది దుకాణం ముఖం వెడల్పునిబట్టి ఉంటుంది కదండీ," అన్నాడు నెమ్మదిగా. "అక్షరాలు సన్నబడ్డాయి కాబట్టి బోర్డు మూడోవంతు తగ్గింది. బోర్డు తగ్గింది కాబట్టి దాని కిందున్న దుకాణం కూడా ఆ మేరకి మిగిలిపోయినట్టేనండి. ఆ మిగిలిందే ఆదా. దాన్ని మనం స్వాధీనం చేసుకుంటే చూపడానికి బోల్డంత స్థలం."

వరహాలరావు కాసేపు ఆలోచించి, "అది స్టాకు కింద ఒప్పుకోవచ్చు," అన్నాడు.

అలా 'మిగులు ముఖభాగ నియమం' పుట్టింది. బోర్డు ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి దుకాణం పేరు గిలిగింతలో రాస్తారు. చివరి అక్షరం ఎక్కడ ఆగితే అక్కడినుంచి తాడు కిందికి వదులుతారు. తాడుకి కుడివైపు ఉన్నదంతా మునిసిపాలిటీది. అక్కడున్నవాళ్లకి, దొరికితే, వేరే మిగులు స్థలంలో చోటిస్తారు. లిపి ఎక్కడ పుట్టిందో గౌరవం అక్కడే మొదలవ్వాలని, ముందుగా వీరవేణి హోటలుకే వచ్చారు.

నేను అప్పుడు మూలబల్ల దగ్గర రెండో అట్టు కోసం చూస్తున్నాను. సుబ్బారాయుడు టేపుతో, ఇద్దరు మనుషులు తాడుతో వచ్చారు. తాడు బోర్డు మీంచి జారి, పొయ్యికి ఎడమపక్క నేలకి తగిలింది. అంటే పొయ్యి, పెనం, పిండి గంగాళం, వీరవేణి, అంతా మిగులే.

"సోమవారం సాయంత్రానికి ఈ భాగం ఖాళీ చెయ్యాలమ్మా," అన్నాడు సుబ్బారాయుడు.

"పొయ్యి తీసేస్తే అట్లెక్కడ పోయమంటావు? నీ నెత్తి మీదా?"

"నెత్తి విషయమై ఉత్తర్వులో ప్రస్తావన లేదమ్మా."

"లోపలికి జరుపుకుందామంటే వెనకాల గోడ. ఎడమపక్కకి జరుపుదామంటే గుమ్మం. బల్లలుంచి పొయ్యి తీసేస్తే అది హోటలవుద్దా, బస్టాండవుద్దా? చెప్పు నాయనా!"

"ఏదైనా ప్రజోపయోగమే," అన్నాడు సుబ్బారాయుడు.

ఆవిడ అట్లకాడ ఎత్తింది. నేను గబగబా లేచి, "వేణమ్మా, నా అట్టు మాడుతోంది," అన్నాను. అట్టు మాడడం ఆవిడ పుట్టి ఎరగదు. అట్లకాడ దానంతటదే పెనం మీదికి వెళ్లింది. అలా ఒక ప్రభుత్వోద్యోగి ప్రాణం నిలబెట్టాను. ఏ అవార్డూ రాలేదు.

ఆ వారంలో మెయిన్‌రోడ్డంతా తాళ్లు వేలాడాయి. బట్టలకొట్టు శేషగిరి పక్కకి తిరిగి కూర్చుని వ్యాపారం చేశాడు. ఎదురుగా కూర్చుంటే ఒక భుజం ప్రభుత్వ భూమిలోకి వెళ్లేది. మంగలి సాంబయ్య కొట్టులో కుర్చీకి సగమే మిగిలింది. ఒక చెంప గీసి, మనిషిని లేపి, గుమ్మం బయట తిప్పి తీసుకొచ్చి రెండో చెంప గీసేవాడు. దర్జీ మస్తాన్ లావుపాటివాళ్ల కొలతలు వాయిదాల్లో తీసుకున్నాడు. వీళ్లంతా ఎలాగో సర్దుకున్నారు. పొయ్యి ఒక్కటే సర్దుకోలేదు. పొయ్యికి పక్కకి తిరగడం రాదు.

"బాబాయిగారూ, నాతో రండి," అంది వీరవేణి సోమవారం పొద్దున్నే. "ఫిర్యాదులరోజు కదా, ఆ మారాజుకే చెప్పుకుంటాను. మీరు ఊరికే పక్కన నిలబడండి. పెద్దోరుంటే నోరు కాస్త అదుపులో ఉంటాది."

"ఎవరి నోరు?" అన్నాను.

"నాదేనండి."

మునిసిపల్ ఆఫీసు హాల్లో కమిషనరుగారు బల్ల వెనక కూర్చున్నారు. ఒక పక్క వరహాలరావు, ఇంకో పక్క సుబ్బారాయుడు. వీరవేణి చెప్పుకుంది. పొయ్యి సంగతి చెప్పింది, పెనం సంగతి చెప్పింది, ఆ మూల పోతే తెల్లారి ఏం చెయ్యాలో తెలీదంది.

కమిషనరుగారికి నిజంగానే జాలి వేసింది. ఆయన కూడా ఆవిడ చేతి అట్టు తిన్న మనిషే. కాని పక్కన వరహాలరావు ఉన్నాడు. "అమ్మా, వ్యక్తిగతంగా నేను మీ అల్లం పచ్చడికి రుణపడి ఉన్నాను. కాని నియమానికి నాలుక ఉండదు. ఇది ఏకరూప నియమం. గుమ్మడివాకలో ఏ ఒక్క బోర్డుకీ మినహాయింపు లేదు," అన్నారు.

అదుపులో ఉంటుందన్న నోరు అక్కడ జారింది.

"ఓహో! ఏ బోర్డుకీ లేదా? మరి మీ నెత్తిమీద ఉన్నదేటి, చేటా? ముందు మీ కొంప కొలుచుకుని తరవాత నా కొంప కొలవండి!"

వేడిలో అన్న మాటే గాని ఆవిడకి అందులో ఏ ప్లానూ లేదు. బయటికి వచ్చేద్దామని నా చెయ్యి పట్టుకుంది కూడా. కాని వరహాలరావు తలెత్తాడు.

"ఈ కార్యాలయపు బోర్డు కొలిచారా?"

సుబ్బారాయుడు మళ్లీ పైకప్పు వైపు చూశాడు. ఈసారి అక్కడ ఏమీ దొరకలేదు.

అందరం బయటికి నడిచాం. 'గుమ్మడివాక పురపాలక సంఘ ప్రధాన కార్యాలయము' అన్న పేరు ఒకప్పుడు మేడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండేది. గిలిగింతలో రాశాక మెట్లు దాటిన వెంటనే అయిపోయింది. తాడు వదిలారు. తాడుకి కుడివైపు ఒకే ఒక్క గది ఉంది. ఏసీ ఉంది, తిరిగే కుర్చీ ఉంది, పక్కనే స్నానాలగది కూడా ఉంది.

"అది నా ఛాంబరు," అన్నారు కమిషనరుగారు, చాలా చిన్న గొంతుతో.

"మిగులు," అన్నాడు వరహాలరావు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. నవ్వు అని నేను ఒట్టేసి చెప్పలేను.

నియమం రద్దు చేస్తే ఖర్చంతా జీతంలోంచి పోతుంది, వచ్చే అవార్డు పోతుంది. రద్దు చెయ్యకపోతే గది పోతుంది. కమిషనరుగారు మెట్లమీద కూర్చుని ఆలోచించారు. గది లేని అవార్డు గోడకి తగిలించుకోవచ్చు, వేరే ఊళ్లోనైనా. అవార్డు లేని గదిలో తనొక్కడే కూర్చోవాలి. "స్వాధీనం చేసుకోండి," అన్నారు చివరికి.

"స్వాధీనమైన స్థలం ఖాళీగా ఉంచకూడదు," అన్నాడు వరహాలరావు. "నియమం ప్రకారం, మిగులు భాగం ఖాళీ చెయ్యాల్సిన వారికి వరసలో ఇవ్వాలి. వరసలో మొదట ఎవరున్నారు?"

అందరి తలలూ వీరవేణి వైపు తిరిగాయి. ఆవిడ నా చెయ్యి వదిలేసి పైట దోపుకుంది.

"పొగగొట్టం పెట్టుకోడానికి కిటికీ ఉందా?" అని అడిగింది.

మర్నాటికల్లా ఇనపపెనం ఛాంబరెక్కింది. మోసినవాళ్లలో సుబ్బారాయుడు కూడా ఉన్నాడు. టేపు నోట్లో పెట్టుకుని మోశాడు. తిరిగే కుర్చీ వీరవేణికి భలే నచ్చింది. ఒక చుట్టు తిరిగితే పెనం, ఇంకో చుట్టు తిరిగితే గంగాళం. ఆఫీసు ఫైళ్లన్నీ అల్లంవాసన వెయ్యడం మొదలుపెట్టాయి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ఫైళ్లు కూడా ఎవరో ఒకరు తీసి వాసన చూసి, చూశారు గనక సంతకం పెట్టేసేవారు.

ఇంతకుముందు ఆ గది గుమ్మం తొక్కాలంటే జనం పూటల తరబడి వరండాలో పడిగాపులు కాసేవారు. ఇప్పుడు నేరుగా లోపలికి వెళ్లి, అట్టు చెప్పి, కష్టం చెప్పుకునేవారు. "మీ వీధిలో పంపు రావట్లేదా? ఉండండి," అని వీరవేణి తల బయటికి పెట్టి కేకేసేది. "సుబ్బారాయుడూ! ఈరి పంపు సంగతి చూసొస్తేగాని నీకు ఉప్మా లేదు!" పంపు మధ్యాహ్నానికి వచ్చేసేది. కమిషనరుగారు వరండాలో బల్లేసుకుని, తన గదిలోకి వెళ్లాలంటే గుమ్మం దగ్గర ఆగేవారు. అటెండరు అలవాటైన గొంతుతో, "అమ్మగారు పిండి కలుపుతున్నారండి, కాసేపు కూర్చోండి," అనేవాడు. కూర్చునేవారు పాపం.

అవార్డు బృందం వచ్చింది, ఆ గదిలోనే తిన్నది. పరిపాలనని ప్రజల నోటి దాకా తెచ్చిన తొలి పట్టణమని రాసి ఇచ్చి, దారిలోకి మరి నాలుగట్లు కట్టించుకుని వెళ్లింది.

ఆ సాయంత్రమే కోటిలింగం నిచ్చెన, డబ్బా పట్టుకుని వచ్చాడు. "ఈ తలుపు మీద మీ పేరు రాసిపెడతానండి. ఇప్పుడు నా చెయ్యంటే రాజధానిలో కూడా పేరండి. ఏనుగంత రాయమంటారా, మేకంత రాయమంటారా?"

వీరవేణి కుర్చీలో ఒక్క చుట్టు తిరిగి అట్టు తిప్పింది.

"ఏమీ రాయకు. రాస్తే కొలుస్తారు. వాసనని కొలవమను చూద్దాం."

వరసలో ముందు నిలబడ్డ సుబ్బారాయుడి చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని టేపు వైపు వెళ్లబోయింది. కాని ఆ చేతిలో అప్పుడే వేడివేడి అట్టు పడింది.